ముప్పయ్యో కేక

అడగనిదే అమ్మైనా పెట్టదని లోకమంతా అంటుంది. ఆ మాట సత్యకుమారి ముందు మాత్రం అనకూడదు. అన్నారో, చేతిలో పని పక్కన పెట్టి మరీ పోట్లాటకు వస్తుంది. "అడిగితే గానీ పెట్టనిది అమ్మేటి? ఆకలేసీ ముందే కంచం కడిగి పెట్టీదే అమ్మ" అంటుంది. విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. ఆ మాట వెనక ఒక మనిషి కాలి వేళ్ళు మూడు, ఆరేళ్ళ కష్టం, ఒక కంప్యూటరు ప్రోగ్రాము ఉన్నాయని వాళ్ళకేం తెలుసు?

అరకు వైపు పనసపుట్టు దాటి కొండ లోపలికి నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే గూడెంలో ఆమె తండ్రి గాసి బారికి. బారికి అంటే ఊరి పెద్ద చెప్పిన కబురు ఊరందరికీ కేకవేసి చెప్పేవాడు. గాసి గొంతు ఎంతటిదంటే, ఈ కొండ మీద అరిస్తే ఆ కొండ మీద మేకలు తలెత్తేవి. పొద్దు వాలే వేళ గూడెం మూడు మూలలా నిలబడి మూడుసార్లు అరిచేవాడు. ఎవరింటికీ వెళ్ళేవాడు కాడు, తలుపు తట్టేవాడు కాడు. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే వినేవారు, మంచం మీదున్న ముసలివాళ్ళు మంచం మీదే వినేవారు.

ఇంకో అలవాటు ఉండేది. ప్రతి కేకకూ ముందు దాని లెక్క చెప్పేవాడు. "ఇది పదకొండో కేక! రేపు పొద్దు పొడిచీసరికి అందరూ గెడ్డ కాడికి రావాల! వాగుకి గట్టు కట్టాల!" అని. అరిచాక చేతికర్ర మీద కత్తితో ఒక గాటు పెట్టుకునేవాడు. చైత్రంలో పండగ కాగానే కొత్త కర్ర, మళ్ళీ ఒకటి నుంచి లెక్క. అడవికి పోయి మూడు రోజులకు తిరిగొచ్చినవాడికి పదమూడో కేక వినబడిందనుకోండి, తను విన్న ఆఖరిది పదకొండు కాబట్టి మధ్యలో ఒకటి తప్పిపోయిందని వాడికే తెలిసేది. "పన్నెండోది ఏటి మామా?" అని ఆ ఒక్కటే అడిగి తెలుసుకునేవాడు. చదువు రాని గూడెంలో ఇంత తెలివి ఉంది. చదువుకున్నవాళ్ళం మనం ఆఫీసుల్లో పోగొట్టుకున్న కాగితాలకు లెక్కే లేదు.

సత్యకుమారి ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి గట్టెక్కి, 1994లో అరకులోని గాలికొండ ఆరోగ్య సంఘం ఆసుపత్రిలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేరింది. సంఘానికి కొండల్లో ఐదు ఉపకేంద్రాలు. ఒక్కో దాంట్లో ఒక నర్సు, ఒక మందుల బీరువా, కారు బ్యాటరీతో నడిచే ఒక వైర్‌లెస్ సెట్టు. ఫోన్లు లేవు, రోడ్లు ఉన్నా లేనట్టే. ఏ కేంద్రానికి ఏం కావాలన్నా అరకుని అడగాలి. అరకు మిగతావాళ్ళను అడగాలి.

ఆ సెట్టులో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళంతా నోరు మూసుకోవాలి. పొద్దున్నే మొదలయ్యేది. "జొరం బిళ్ళలు ఎవరి దగ్గర ఉన్నాయి?" "కుట్లేసే దారం ఉందా?" సత్యకుమారి ఆ ప్రశ్న పట్టుకుని మిగతా నాలుగు కేంద్రాలనూ వరసగా అడిగేది. ఒక నర్సు బీరువా చూసొస్తానని వెళ్ళి కాఫీ తాగొచ్చేది. ఇంకొకామె గూడేల తిరుగుడుకు పోయి పలికేదే కాదు. నాలుగు జవాబులూ చేరితే గానీ అడిగినవాళ్ళకు జవాబు లేదు. ఈలోగా ఇంకో ప్రశ్న వచ్చి మీద పడేది. చెవిలో జోరీగలా రోజంతా ప్రశ్నలే, పనికొచ్చే కబురు పిసరంత.

1997 ఆషాఢంలో ఒక పొద్దున పనసపుట్టు కేంద్రం నుంచి కొత్త నర్సు బేబి అడిగింది. "అక్కా, రక్తపింజరి కాటు. మా కాడ పాముమందు లేదు. ఎక్కడుందో బేగి సెప్పు." అరకు బీరువాలోనూ లేదు. సత్యకుమారి బేగిగానే అడిగింది. జోడుమామిడిని అడిగింది, డుంబ్రిగుడను అడిగింది, మిగతా రెండింటినీ అడిగింది. ఒకరు వెతుకుతున్నామన్నారు, ఒకరు పలకలేదు. డుంబ్రిగుడలో ఎనిమిది సీసాలున్నాయని తేలడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. కాటు తిన్నది ఎవరో బేబి చెప్పలేదు, సత్యకుమారి అడగలేదు. అన్నీ అడిగింది, అదొక్కటి అడగలేదు.

సాయంత్రం తెలిసింది. అది గాసి.

ప్రాణం దక్కింది. ఎడమ కాలి వేళ్ళు మూడు పోయాయి. ఇంక కొండ ఎక్కి మూడు మూలలా తిరిగి అరిచే పని గాసికి లేదు. ఊరు బారికి పనిని అతని తమ్ముడి కొడుక్కి అప్పగించింది. గాసి చివరిసారి అరిచింది కాటుకు ముందు రోజే, దోమల మందు కొట్టేవాళ్ళు వస్తున్నారు గిన్నెలు మూసుకోండి అని. కర్ర మీద అది ఇరవైతొమ్మిదో గాటు. ఆ కర్ర అక్కడే ఆగిపోయింది.

సత్యకుమారి ఆసుపత్రి మంచం పక్కన కూచుని ఏడ్చింది. తండ్రి ఓదారుస్తాడనుకుంది. గాసికి ఓదార్చడం చేతకాదు, విసుక్కోవడమే వచ్చు.

"ఏడీసి ఏటి లాభమే గుంటా? గంటసేపు ఏటి సేసినావు?"

"అడిగినానయ్యా. నాలుగు సోట్లా అడిగినాను."

"అడగనేల? ముప్పయ్యేళ్ళు బారికి పని సేసినాను. ఒక్క ఇంటికైనా ఎల్లి అడిగినానా? గట్టు కట్టీది ఎప్పుడో నన్నడగనీకి ఒక్కడైనా మా ఇంటికి వచ్చినాడా? కబురు పుట్టినప్పుడే కేకేసినాను. ఇన్నోళ్ళు తమ కాడ దాసుకున్నారు. మీ పెట్టెలో కేకలే లేవు, అన్నీ అడుగుళ్ళే."

ఆ మాట సత్యకుమారికి చెంప మీద కొట్టినట్టే తగిలింది. కొట్టించుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తుంది.

వారం తిరక్కుండా ఆమె ఐదు కేంద్రాలకూ నల్లరంగు పూసిన చెక్క పలకలు చేయించి పంపింది. అరకులోనూ ఒకటి గోడకు కొట్టించింది. పద్ధతి ఇది: బీరువాలో ఏది మారినా, మారిన నిమిషాన కేక వెయ్యాలి. "డుంబ్రిగుడ, ఏడో కేక. పాముమందు రెండు వాడినాం, ఆరు మిగిలినాయి." విన్న ప్రతి కేంద్రమూ తన పలక మీద రాసుకోవాలి, పక్కన కేక నంబరు, టైము వెయ్యాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఎవరికి ఏం కావాలన్నా గాలిలోకి అడగడం లేదు, తల తిప్పి గోడ వైపు చూడడమే. నంబరు తప్పితే ఆ ఒక్క కేకను మళ్ళీ వెయ్యమనాలి. వేసినవాళ్ళు పది లెక్కపెట్టేలోగా పలక్కపోతే, విన్న వాళ్ళెవరైనా వెయ్యొచ్చు. అంతకు ముందు నోరెత్తితే ఇద్దరి మాటలూ గాలిలో కొట్టుకుని ఎవరిదీ వినబడదు.

నర్సులు గొణిగారు. మా బీరువా సంగతి ఊరందరికీ ఎందుకన్నారు. జోడుమామిడి నర్సు మాధవికి కోపం వచ్చి, "జోడుమామిడి, మూడో కేక. కోడి గుడ్లు రెండు పెట్టినాది" అని కూడా అరిచింది. సత్యకుమారి అరకు పలక మీద గుడ్లు రెండు అని రాసుకుంది. నెల తిరిగేసరికి ఎవరూ గొణగలేదు. పొద్దుటి పూట సెట్టు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, చెడిపోయిందేమోనని డాక్టరుగారు రెండుసార్లు వచ్చి చూశారు.

ఆరేళ్ళు అలా గడిచాయి. 2003లో కంప్యూటర్లు వచ్చాయి.

సంఘం మేనేజరు కృష్ణమూర్తిగారు విజయనగరం వైపు మనిషి, మంచివాడే. కాకపోతే గోడల మీద సుద్దరాతలంటే ఆయనకు నామోషీ. చూడటానికి వచ్చినవాళ్ళు ఆసుపత్రా, బడా అని అడుగుతున్నారట. విశాఖపట్నం నుంచి దుర్గాప్రసాద్ అనే ఇంజనీరును పిలిపించారు. పాతికేళ్ళ కుర్రాడు, చురుకైనవాడు. వైర్‌లెస్ సెట్ల పక్కన ఇంకో పెట్టె తగిలించి, ఆరు కంప్యూటర్లూ ఒకదానికొకటి సందేశాలు పంపుకునేలా చేశాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నర్సు మందు పేరు కొట్టి బటన్ నొక్కుతుంది. ఆ ప్రశ్న సందేశమై అరకుకు వస్తుంది. అరకు కంప్యూటరు మిగతా నాలుగింటినీ అడుగుతుంది. నాలుగు జవాబులూ చేరాక లెక్క కట్టి, అడిగిన చోటుకు తిరిగి పంపుతుంది. అంతదాకా తెర మీద "దయచేసి వేచి ఉండండి" అని చిన్న చక్రం తిరుగుతుంది.

సత్యకుమారి ఆ చక్రాన్ని చాలాసేపు చూసింది. ఆమెకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ కిందటి సత్యకుమారిని తెచ్చి ఈ పెట్టెలో కూచోబెట్టారు.

"ఒక కేంద్రం పలక్కపోతే ఏటి సేత్తాది బాబూ?" అని అడిగింది.

"పలికేదాకా ఆగుతుందండీ. మీ పలక మీది లెక్క పాతబడిపోవచ్చు కదా? నా మెషిన్ ఎప్పటికప్పుడు తాజా జవాబు తెస్తుంది."

"ఆ తాజా జవాబు రాకపోతేనో?"

"వస్తుందండీ," అన్నాడు దుర్గాప్రసాద్ నవ్వుతూ.

కృష్ణమూర్తిగారు మధ్యలో కలగజేసుకున్నారు. నెల రోజులు రెండూ నడుస్తాయని, ఆగస్టు ఒకటో తారీఖున పలకలు తీసేసి గోడలకు సున్నం వేయిస్తామని తేల్చి చెప్పారు. సత్యకుమారి బతిమాలింది. ఆయన వినలేదు. తన ఉద్యోగం పోతుందని కాదు ఆమె బాధ. కంప్యూటరు ముందు కుర్చీ ఆమెకే ఇస్తామన్నారు. ఆ పలక పోతే కొండల్లో ఎక్కడో ఒక ముసలాడు మళ్ళీ గంటా నలభై నిమిషాలు మంచం మీద పడుకుని ఎదురుచూస్తాడు. అదీ ఆమెను తినేసేది. రోజూ క్యాలెండరు చూసేది, తారీఖు దగ్గరపడేది.

జూలై ఇరవై ఏడు. రెండు రోజులుగా వాన. దుర్గాప్రసాద్ ఏదో సరిచేయడానికి పొద్దున్నే ఆసుపత్రి జీపులో పనసపుట్టు వెళ్ళాడు. పదకొండు గంటలకు సెట్టులో బేబి గొంతు వినబడింది.

"పనసపుట్టు, యాభై ఆరో కేక. కాఫీ తోటలో కలుపు తీత్తన్న మనిషి, పేరు చిన్నమ్మి. రక్తపింజరి కాటు. మా కాడ పాముమందు రెండు సీసాలే, రెండూ ఎక్కించేత్తన్నాం. సాలవు, మందున్న సోటికి మనిషిని పంపాల."

సత్యకుమారి కుర్చీలోంచి లేచి నిలబడింది. అదే పనసపుట్టు, అదే పాము. బేబి వేలు బటన్ మీదే ఉండిపోయినట్టుంది, వెనక దుర్గాప్రసాద్ గొంతు కూడా వినబడుతోంది. "స్క్రీన్ ఇంకా తిరుగుతోందండీ, ఎక్కడో ఒక కేంద్రం కరెంటు పోయినట్టుంది. జోడుమామిడి గంట దారే కదా, జీపు అటు తిప్పెయ్యండి!"

జోడుమామిడి ఒక దిక్కు, డుంబ్రిగుడ దానికి సరిగ్గా ఎదురు దిక్కు. అటు వెళ్ళి లేదనిపించుకుంటే మళ్ళీ వెనక్కి రావడమంటే ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. సత్యకుమారి అరకు పలక చూసింది. అరకు వరసలోనూ సున్నా. జోడుమామిడి వరసలో నలభై ఒకటో కేక ఉంది: పాముమందు సున్నా. నిన్న సాయంత్రం వచ్చింది.

ఇది బేబి విన్నదా? నిన్న సాయంత్రం పిడుగులు పడ్డాయి, పిడుగులు పడితే కొండమీద కేంద్రాలు సెట్లు ఆపుకుంటాయి.

"ఉండండి సారూ," అంది బేబి. జీపు ఇంజను చప్పుడు మీదుగా ఆమె మాట స్పష్టంగా వచ్చింది. "నా పలక మీద జోడుమామిడికి ఆరు సీసాలున్నాయి. కానీ నలభై తరవాత ఇందాకే వచ్చింది నలభై రెండు. మధ్యలో ఒకటి తప్పిపోనాది. జోడుమామిడీ! నలభై ఒకటో కేక మళ్ళీ ఎయ్యి!"

సత్యకుమారి వేలు బటన్ మీదకు వెళ్ళింది. జవాబు ఆమె కళ్ళెదుటే ఉంది. నొక్కితే ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. సరిగ్గా అదే క్షణంలో మాధవి కూడా నొక్కితే ఇద్దరి మాటా పోతుంది. ఆ నియమం పెట్టింది తనే. లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. మాధవి గూడేల తిరుగుడుకు వెళ్ళిందేమో. ఆరు. ఏడు.

"జోడుమామిడి, నలభై ఒకటో కేక మళ్ళీ. పాముమందు మొత్తం నిన్న వాడేసినాం. సున్నా. సున్నా."

"ఇన్నాను. డుంబ్రిగుడా! నీ కాడ పన్నెండున్నాయి. మనిషిని నీ కాడికి పంపుతన్నాను, పది అట్టిపెట్టు!"

"డుంబ్రిగుడ. పది అట్టిపెట్టినాను. గేటు తీసి ఉంచుతాం, బేగి రండి."

అంతే. గోడ గడియారంలో రెండు నిమిషాలు కూడా కాలేదు. సత్యకుమారి బటన్ మీది వేలు తీసి, కూచుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆరేళ్ళ కిందట నాలుగు చోట్లా అడిగి అడిగి గొంతు ఎండబెట్టుకున్న అదే కుర్చీలో, ఈ రోజు ఆమె పెదవి కదపనక్కర్లేకపోయింది. ఆపుకోలేనంత ఆనందం వచ్చింది. ఎవరైనా చూస్తారేమోనని కూడా చూసుకోకుండా పకపకా నవ్వింది, వెంటనే ఏడ్చింది. ఒంటిగంటకు డుంబ్రిగుడ నుంచి కేక వచ్చింది: చిన్నమ్మికి మందు ఎక్కుతోంది, మాట్లాడుతోంది, చెప్పులు ఎక్కడ పోయాయని అడుగుతోంది.

సాయంత్రం దుర్గాప్రసాద్ మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. నేరుగా కృష్ణమూర్తిగారి గదిలోకి వెళ్ళి, సత్యకుమారిని కూడా పిలిపించాడు.

"సార్, చిన్నమ్మి డుంబ్రిగుడ చేరాక కూడా నా స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. నేనైతే జీపును జోడుమామిడి పంపించేసేవాణ్ణి. బాగుచేస్తానని చెప్పను, ఇది బాగుపడేది కాదు. మొదటి నుంచి మళ్ళీ రాస్తాను. ప్రతి కంప్యూటరులోనూ ఒక పలక పెడతాను. అవి కేకలు వేసుకుంటాయి, అడుక్కోవు." తలొంచి, "సత్యకుమారిగారు నేర్పితే," అన్నాడు.

కుర్రాడంటే అలా ఉండాలి. తప్పు ఒప్పుకోవడానికి యాభై ఏళ్ళు వచ్చేదాకా ఆగేవాళ్ళనే మనం ఎక్కువ చూశాం.

కృష్ణమూర్తిగారు గోడ మీది పలక దాకా వెళ్ళి చూసి వచ్చారు. తరవాత సున్నం వేసేవాళ్ళకు కబురుపెట్టి రావద్దన్నారు. ఆ శుక్రవారం సంతలో ఆయనే రెండు డబ్బాల సుద్దముక్కలు కొనుక్కొచ్చి సత్యకుమారి బల్ల మీద పెట్టి వెళ్ళారు.

దుర్గాప్రసాద్ మూడు రోజులు ఆమె పక్కన కూచున్నాడు. ప్రశ్న మీద ప్రశ్న.

"మళ్ళీ అడుగుడే!" అని ఆమె విసుక్కునేది, విసుక్కుంటూనే చెప్పేది.

పలక పాతబడితే? పక్కన నంబరూ టైమూ ఉంటాయి కదా, ఎంత పాతదో చూసేవాడికి తెలుస్తుంది. పాతదని తెలిసిన కబురుతో ప్రమాదం లేదు, కొత్తదనుకున్న పాత కబురుతోనే చావు. ఇద్దరు ఒకే సీసాల మీద కన్నేస్తే?

"సూసుకోనీకి నా పలక సాలు. తీసుకోనీకి మాత్రం ఉన్నోడి మాటే ఆఖరి మాట. అట్టిపెట్టినానని ఆడు అంటేనే మనిషిని పంపాల."

అతను ఆ మాట నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం, సంత రోజు, కొత్త ప్రోగ్రాము సిద్ధమైంది. గాసి కుంటుకుంటూ సంతకు వచ్చి, కూతుర్ని చూడ్డానికి ఆసుపత్రిలోకి వచ్చాడు. చేతిలో ఊతకు అదే పాత కర్ర. అరకు బీరువాలోకి ఆ రోజే నలభై సీసాల పాముమందు చేరింది. మొదటి కేక అదే అనుకున్నారు. సత్యకుమారి కబురు కొట్టింది. దుర్గాప్రసాద్ ఆగి, "అరకు కేకల లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడదామండీ? ఒకటా?" అన్నాడు.

సత్యకుమారి తండ్రి చేతికర్ర వైపు చూసింది.

"ముప్పై," అంది.

"ముప్పై ఎందుకండీ?"

ఆమె చెప్పింది. దుర్గాప్రసాద్ ముప్పై అని కొట్టాడు. బటన్ నొక్కమని గాసిని పిలిచారు. గాసి వేలు పెట్టి, పెట్టె కొరుకుతుందేమో అన్నట్టు నొక్కాడు. "అరవనక్కర్లేదా?" అన్నాడు. అక్కర్లేదన్నారు. గాసికి నచ్చలేదు. అలవాటు మానుకోలేక మొలలోంచి కత్తి తీసి, కర్ర మీద ఇరవైతొమ్మిది గాట్ల పక్కన ఇంకొకటి పెట్టాడు.

నిమిషం గడవకముందే సెట్టులో బేబి గొంతు.

"అక్కా, అరకు కేక మా పెట్టెలోకి వచ్చినాది. నలభై సీసాలు, పలక మీద ఎక్కినాది. కానీ ఇది ముప్పయ్యోది అంటంది. ఒకటి నించి ఇరవైతొమ్మిది దాకా తప్పిపోనాయి, మళ్ళీ ఏయించమని తెర మీద ఎర్రగా సూపిత్తంది. ఏటి సెయ్యమంటావు?"

సత్యకుమారి బటన్ నొక్కింది.

"అవి తప్పిపోలేదు బేబీ," అంది. "మా అయ్య ఏసేసినాడు. ఊరంతా ఇన్నాది."